ఎడమకు తిప్పితే వచ్చే చప్పుడు

మా వీధి చివర మోటారు షెడ్డులో పనిచేసే పిల్లలు నన్ను చూస్తే స్టూలు లాగి వేస్తారు, చాయ్ తెప్పిస్తారు. ఆ చాయ్‌కి బదులు నేనొక పాత ముచ్చట చెప్పాలి. మొన్న ఒకడు, "తాతా, స్టీరింగ్‌ల చప్పుడొస్తే మీ కాలంల ఎట్ల పట్టెటోళ్లు?" అని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. వాళ్లు నాకు మతిమరుపు వచ్చిందనుకున్నారు. అనుకోనీ. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా ముఖాలు లేకపోతే నాకు కొంచెం సులువు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లే అయింది. కరీంనగర్‌లో సొంత కారు ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఏ కారు హారన్ ఎలా ఉంటుందో చాయ్ హోటల్ వాడికి కూడా తెలుసు. ఎక్కువగా మాకు వచ్చేవి లారీలు, తునికాకు కంట్రాక్టర్ల జీపులు. షెడ్డు ఒక సేటుది. పని మాత్రం ఉస్తాద్‌ది. ఆయన కింద నేను రెండో మిస్త్రీని. అప్పటికే పెళ్లై, ఇద్దరు పిల్లలున్నవాణ్ణి. మా బాపు మగ్గం నేసేవాడు. నేను మగ్గం చప్పుడులోనే పుట్టి పెరిగాను. పక్క గదిలో పోగు తెగితే నిద్రలో ఉన్నా తెలిసేది. ఆ చెవి ఉన్నందుకే ఉస్తాద్ నన్ను పనిలో పెట్టుకున్నాడని సేటు అనేవాడు. అప్పుడు అది నాకు పొగడ్తలాగే వినిపించింది.

ఉస్తాద్‌వాళ్లు క్రైస్తవులు. వాళ్ల తాతల నాడే మిషన్ వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. యుద్ధం రోజుల్లో ఆయన మిలిటరీ లారీల వర్క్‌షాపులో పనిచేశాడు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే అతనికిచ్చి చేశాడు. కోపిష్టి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే అసలు పలికేవాడు కాదు. "ముంగటికొచ్చి మాట్లాడు. ఎనుకకెల్లి పిలిచేది కుక్కను" అనేవాడు. పెద్దమనిషి పట్టింపు అనుకుని మేమంతా చుట్టూ తిరిగి ముందుకు వెళ్లి నిలబడేవాళ్లం.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. బండి చప్పుడు చేస్తోందని ఎవరొచ్చినా, ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. బండి తోలేవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, "ఎట్ల మోగుతుందో నోటితోని చేసి చూపియ్యి" అనేవాడు. లారీ డ్రైవర్లకు ఇది అలవాటే. గర్ర్, కిర్ర్, టక్ టక్ అంటూ నాటకాల వాళ్లలాగా చేసి చూపించేవాళ్లు. పెద్ద మనుషులకే కష్టం. ఒక అధికారి జవాను ముందు నోటితో చప్పుడు చేయడానికి ఒప్పుకోక, బండి అలాగే తీసుకుపోయి, రెండో రోజు జవానును బయట నిలబెట్టి వచ్చాడు. మేం ఇంజన్ వెనక నక్కి నవ్వు ఆపుకునేవాళ్లం.

ఉస్తాద్ చెప్పే కారణం మాత్రం సబబుగా ఉండేది. "రోజూ తోలేటోని చెవుల ఏడాది చప్పుడుంటది. నా చెవుల గడియ చప్పుడే ఉంటది. ఎవల మాట నమ్మాలె?" పిల్లలూ, ఇది మీరూ గుర్తుపెట్టుకోవచ్చు. స్టీరింగు తిప్పితే కిర్రుమంటే ఎక్కడో గ్రీసు ఎండిపోయింది. గరగరమంటే లోపల పళ్లు అరుగుతున్నాయి. ఈ రెండూ మనిషిని వెంటనే చంపవు. టక్కుమంటే మాత్రం ఏదో కీలు వదులైంది. అది ఊడితే స్టీరింగు చక్రం మీ చేతిలో ఉంటుంది, కారు మాత్రం తన దారిన పోతుంది.

ఒక క్రిస్మస్‌కు ఆయన నన్ను భోజనానికి పిలిచాడు. ముందు చర్చికి వెళ్లాం. నేను చివరి వరుసలో కూర్చున్నాను. పాట అయిపోయి అందరూ కూర్చున్నాక కూడా ఉస్తాద్ నిలబడి కళ్లు మూసుకుని ఇంకో చరణం పాడాడు. పక్కాయన చొక్కా లాగితే గానీ ఆపలేదు. "మీ ఉస్తాద్‌కు భక్తి జర ఎక్కువ" అని బయట ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక అసలు సంగతి. ఊళ్లో ఒక వకీలు గారు ఉండేవారు. ఆయన కారు తుమ్మెద రంగులో మెరిసిపోయేది. ఏ కంపెనీదో రాయను, కారు తప్పేమీ లేదు, అరిగితే ఏదైనా అరుగుతుంది. వకీలు గారి కూతురు పుట్టింట్లో కాన్పు అయి, నెలల బిడ్డతో ఆదిలాబాద్‌లో అత్తగారింటికి తిరిగి వెళ్లాలి. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ప్రయాణానికి ముందు బండి చూపించుకుందామని ఆయన భార్యను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చారు. ఆమె వెనక సీట్లో ఎడమ వైపు కూర్చుని ఉంది. ఆ ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ముందు కొంగు తల మీదుగా లాక్కుని, మాట్లాడాల్సి వస్తే నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్లు. కారు కిటికీలోంచి మాకు కళ్లు మాత్రమే కనబడేవి.

ఉస్తాద్ ఆనవాయితీ ప్రకారం వకీలు గారిని ఎదురుగా నిలబెట్టాడు. కోర్టులో జడ్జీకే జంకని మనిషి నల్ల కోటులో నిలబడి సిగ్గుపడుతూ, "కిర్ర్... కిర్ర్... ఇట్ల మోగుతుంది" అన్నారు.

వెనక సీట్లోంచి ఆమె అంది, "గదొక్కటే కాదు. ఎడమకు తిప్పినప్పుడు నా కాళ్ల ముంగట కింద టక్కుమంటది. ఆయనకు గది గూడ చెప్పుండ్రి."

ఉస్తాద్ ఆమె వైపు చూసి తలూపాడు. ఎవరేం చెప్పినా ఆయన అలాగే తలూపేవాడు. వకీలు గారు ఇక వేరే చెప్పలేదు, ఆమె చెప్పింది కదా అనుకుని ఉంటారు. నేను అవతల ఒక లారీ గేరుబాక్సు విప్పుతున్నాను. ఆమె మాట నాకు వినబడింది. ఉస్తాద్‌కూ వినబడింది కదా అనుకుని నా పని నేను చేసుకున్నాను.

కిర్రు ఎక్కడిదో ఆయనకు తెలుసు. స్టీరింగు కడ్డీ పైన ఉండే బుష్ ఎండిపోయింది. విప్పి, తుడిచి, గ్రీసు పెట్టి బిగించాడు. వకీలు గారిని పక్కన కూర్చోబెట్టుకుని నున్నటి మంకమ్మతోట రోడ్డు మీద తిన్నగా వెళ్లి వచ్చాడు. "పోయింది ఉస్తాద్, బిల్‌కుల్ పోయింది" అంటూ దిగారు వకీలు గారు. ఆయన నోరు చూసి ఉస్తాద్ నవ్వాడు.

మర్నాడు పొద్దున ప్రయాణం. కారు షెడ్డు నుంచే బయలుదేరాలని సామాన్లతో రిక్షాల్లో వచ్చారు. కూతురు బిడ్డను ఒళ్లో పెట్టుకుని లోపల కూర్చుంది. వకీలు గారు కారును వాకిట్లోంచి వెనక్కి తీసి, ఎడమకు తిప్పి, ఆపారు. ఆయన భార్య దిగి వచ్చింది. ఉస్తాద్ అప్పటికే ఇంకో బండి బానెట్‌లోకి వంగి ఉన్నాడు. ఆయన వెనకే, రెండడుగుల దూరంలో నిలబడి, కొంగు నోటికి పెట్టుకుని ఆమె అంది, "పెద్దాయనా, టక్కుమనేది పోలే. జర చూడుండ్రి."

ఉస్తాద్ కదలలేదు.

ఆమె గొంతు పెంచి మళ్లీ అంది. "పసిగుడ్డు ఉన్నది కార్ల. చప్పుడు పోలే అంటున్న."

వకీలు గారు కారులోంచే విసుక్కున్నారు. "నిన్ననే అంత మంచిగ చేసిండు. నీకు ప్రతిదీ అనుమానమే. వచ్చి కూసో."

నేను బండికి ఇటు పక్క, ఉస్తాద్ ముఖానికి ఎదురుగా ఉన్నాను. మనిషి వినీ విననట్టు ఉంటే ముఖంలో తెలుస్తుంది. కనుబొమ్మ కదులుతుంది, పెదవి బిగుసుకుంటుంది. ఆయన ముఖంలో ఏమీ లేదు. ప్లగ్గులు తుడుస్తున్నాడు. ఆమె ఆయన వెనక ఉందని కూడా ఆయనకు తెలియదు. వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, నోటితో చేసి చూపించమనడం, చర్చిలో ఆ ఒంటరి చరణం, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఆయన ఇన్నేళ్లూ చప్పుళ్లను వినడం లేదు. మనుషుల పెదవుల మీద చూస్తున్నాడు. కొంగు వెనక ఉన్న పెదవులు ఆయనకు దొరకలేదు.

ఆమె వెళ్లి కారెక్కింది. వకీలు గారు మళ్లీ స్టార్టు చేసి ఎడమకు తిప్పారు. ఈసారి చెవి పెట్టి విన్నాను. ముందు చక్రం దగ్గర, కింద, టక్.

ఉరికి వెళ్లి కారు ముందు నిలబడ్డాను. "సాబ్, ఆపుండ్రి. బండి పోవద్దు."

"ఏమైంది? ఉస్తాద్ చూసిండు గద?"

గలాటా చూసి సేటు బయటికి వచ్చాడు. చాయ్ తాగుతున్న లారీ డ్రైవర్లు లేచి వచ్చారు. మనుషులు కదలడం చూసి ఉస్తాద్ కూడా తల ఎత్తాడు. అందరి ముందు నేనన్నాను, "ఉస్తాద్‌కు ఇనస్తలేదు సాబ్. ఆయనకు చెవులు ఇనస్తలేవు."

నేను మాట్లాడేటప్పుడు ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు. ప్రతి మాటా ఆయనకు అందింది. చేతిలో గుడ్డ అలాగే ఉంది.

పక్కకు తీసుకుపోయి చెప్పవచ్చు కదా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. చెవిటి మనిషికి రహస్యం చెప్పడమెలాగో ఆమెకే తెలియాలి. నేను చెప్పింది తప్పని ఆ రోజు అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. చెప్పినందుకు ఏడ్చాను, అది వేరే సంగతి.

ఉస్తాద్ మెల్లగా వచ్చి కారు కింద గోనెసంచి పరిచి వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. స్టీరింగు తిప్పమని నాకు సైగ చేశాడు. ఇంజన్ ఆపి, స్టీరింగు చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాను. ఇది మీరు కూడా చేయాల్సిన పని. ఒకరు పైన చక్రం ఆడిస్తూ ఉంటే, కింద ఉన్నవాడు ఒక్కో కీలు మీద అరచెయ్యి పెట్టి చూడాలి. వదులైన కీలు చేతిలో కొట్టుకుంటుంది. దీనికి చెవితో పనిలేదు. రెండోచోట చెయ్యి పెట్టగానే ఆయన ఆపమన్నాడు. ఎడమ చక్రాన్ని కడ్డీకి కలిపే కీలు. గిన్నెలో గోళీ తిరిగినట్టు తిరగాల్సింది, గిన్నె అంచు అరిగి, బయటికి జారడానికి సిద్ధంగా ఉంది. ఘాట్ దాకా కూడా పోయేది కాదేమో.

కొత్తది హైదరాబాద్ నుంచి తెప్పించి ఉస్తాదే బిగించాడు. కూతురు, బిడ్డ క్షేమంగా ఆదిలాబాద్ చేరారు. బయలుదేరే ముందు వకీలు గారి భార్య ఆయన ముందుకు వచ్చి, "మీ చేతుల మీద నా బిడ్డ బతికింది, పెద్దాయనా. మీ మీద నాకేం కోపం లేదు" అంది. కొంగు నోటి మీదే ఉంది. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు ఒక్క రోజులో ఎలా పోతుంది? ఆయన ఆ కొంగు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె వెళ్లాక ఆయన ముందు నిలబడి ఆ మాటలు మళ్లీ నేను చెప్పాను. విని, అంటే చూసి, తలూపాడు.

సేటు ఆయన్ను తీసేయలేదు. ఉస్తాద్ అనడం కూడా మానలేదు. కానీ చప్పుడు చేసే బండి వస్తే నా వైపు పంపేవాడు. డ్రైవర్లకు మాత్రం ఒక ఆట దొరికింది. మనిషి పడితే ముందుగా నవ్వేది అంతవరకూ వంగి సలాం పెట్టినవాళ్లే. ఒకరోజు ఒక లారీ డ్రైవరు ఆయన ఎదురుగా నిలబడి, గొంతు ఏమాత్రం పెగల్చకుండా ఉత్త పెదవులు ఆడించాడు. గర్ర్‌మన్నట్టు, తర్వాత టక్కుమన్నట్టు. ఉస్తాద్ శ్రద్ధగా చూశాడు. "ఎప్పటిసంది?" అని అడిగాడు. వాడు మళ్లీ ఉత్త పెదవులతో ఏదో అన్నాడు. ఆయన గోనెసంచి తీసుకుని లారీ కిందికి దూరాడు. వెనక నుంచి ఒక్కసారిగా నవ్వులు.

నేను వాడి కాలరు పట్టుకున్నాను, నలుగురూ విడిపించారు. ఉస్తాద్ కింది నుంచి బయటికి వచ్చి, మా పెనుగులాట చూసి, ఒక్కొక్కరి ముఖమూ చూసి, సంగతి గ్రహించాడు. చేతులు కడుక్కున్నాడు. "తమ్మీ, ఒదిలెయ్ వాన్ని" అన్నాడు. ఆ మధ్యాహ్నమే పానాల పెట్టె సర్ది నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పెట్టె నాకు ఇచ్చినట్టా, మరిచిపోయినట్టా అని సేటు అడిగాడు. నేను పెట్టెను బల్ల కిందికి జరిపాను.

కూతురి దగ్గరికి మందమర్రి వెళ్లాడని తెలిసింది. కొన్ని నెలలకు చొప్పదండి నుంచి ఒక పటేలు బ్రేకుల పని మీద వచ్చి, "మీ ముసలాయనకు మతి గిట్ల పోయిందా? బస్సుల వచ్చిండు, నా జీపు కిందికి దూరిండు, ఒక్కొక్క జాగల చెయ్యి పెట్టి చూసిండు, మంచిగున్నది అని ఎల్లిపోయిండు. చాయ్ గూడ తాగలే" అన్నాడు. తర్వాత ధర్మపురి నుంచి వచ్చిన ఒక అయ్యగారూ అదే చెప్పారు. జగిత్యాల వాళ్లూ అన్నారు. అందరూ వింతగా చెప్పుకునేవాళ్లు. నాకు వింతగా అనిపించలేదు. చెవులు పోయాక తన చేతుల మీదుగా ఎన్ని బండ్లు వెళ్లాయో వాటన్నిటినీ ఆయన వెతుక్కుంటూ తిరుగుతున్నాడు.

ఆదివారం చూసుకుని మందమర్రి వెళ్లాను. కూలీల కాలనీలో వాళ్ల క్వార్టరు. కూతురు తలుపు తీసి నన్ను గుర్తుపట్టి ఏడ్చింది.

"మా బాపు ఇంట్ల ఉంటలేడన్నా. బస్సులల్లనే తిరుగుతుండు. అన్ని బండ్లు అయినయట. ఒక్కటే మిగిలిందట. గదే పట్టుకున్నడు. నువ్వన్న జర చెప్పు."

ఆ ఒక్కటీ ఏదో నాకు గుర్తొచ్చింది. అడవి కంట్రాక్టరు ఒకాయన జీపు. వకీలు గారి కారు రావడానికి ముందటి ఏడు, స్టీరింగు కిర్రుమంటోందని దాని డ్రైవరు మా షెడ్డుకు తెచ్చాడు. ఉస్తాద్ గ్రీసు పెట్టి పంపాడు. తర్వాత వానల్లో ఆ జీపు ఘాట్‌లో లోయలో పడింది. డ్రైవరు చనిపోయాడు. వాన అన్నారు, నిద్ర అన్నారు, తాగాడన్నారు. ఎందుకు పడిందో ఎవరికీ తెలియదు.

ఉస్తాద్ సాయంత్రానికి వచ్చాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు, పిల్లల గురించి అడిగాడు. తర్వాత తనే ఎత్తాడు. "ఆ డ్రైవర్ పెండ్లాం దగ్గరికి పోయిన తమ్మీ. ఉట్నూరు దిక్కు. బండి ఎట్ల మోగుతుండెనో నీ మొగడు చెప్పిండా అమ్మా అని అడిగిన."

"ఏమన్నది?"

"ఇంట్ల బండి ముచ్చటే తియ్యకపోతుండెనట. అన్నం పెట్టింది. తిని వచ్చిన."

"తాగి తోలిండని అందరు అంటున్నరు గద, ఉస్తాద్?"

"అంటరు. చెయ్యి పెట్టి చూస్తె గద తెలిసేది. ఆ జీపు మంచిర్యాలల తుక్కు కొనేటాయనకు అమ్మిండ్రట. రేపు పోతున్న. నువ్వు వస్తవా?"

నేను షెడ్డుకు రెండు రోజులు రానని కబురు పంపి వెళ్లాను. తుక్కు కొనేటాయన రైలు కట్ట పక్కన పెద్ద జాగాలో ఉన్నాడు. జీపు ఎప్పుడో కోసేశారు. రేకులు ఒక దిక్కు, ఇనుము ఒక దిక్కు. స్టీరింగు కడ్డీలు, కీళ్లు అన్నీ ఒక కుప్పగా పోసి ఉన్నాయి. జీపులవి, లారీలవి, బస్సులవి, ఏది దేనిదో ఆయనకే తెలియదు. "ఏరుకో పెద్దయ్యా, ఏమన్న పనికొస్తే తీసుకపో" అన్నాడు.

ఉస్తాద్ కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. జీపుకు వచ్చే సైజువి ఒక్కొక్కటే తీసి, అరచేతిలో పెట్టుకుని, రెండో చేత్తో ఆడించి చూసి పక్కన పెట్టసాగాడు. వద్దని చెప్పడానికే వచ్చిన నేను ఎదురుగా కూర్చుని ఏరి ఇవ్వడం మొదలుపెట్టాను. ఎండ నెత్తి మీదికి వచ్చి వాలింది. ఇద్దరి చేతులూ తుప్పుతో ఎర్రబడ్డాయి. చూడాల్సినవి అయిపోయాయి.

"అన్ని లూజే ఉన్నయి తమ్మీ" అన్నాడు.

"తుక్కు గద, ఉస్తాద్. లూజ్ అయితెనే గద ఈడికొచ్చేది."

ఆయన నా నోటి వైపు చాలాసేపు చూశాడు, నేనింకా ఏదో చెబుతానన్నట్టు. నేను తుప్పు చేతులు దులుపుకుని లేచాను. ఆ తర్వాత ఆయన బతికిన మూడు నాలుగేళ్లూ నన్ను చూసినప్పుడల్లా అలాగే చూసేవాడు.